దోస్త్ ద్వారా మా అమ్మాయి డిగ్రీ సీటు: ఆప్షన్ల వరుస ఇంట్లోనే తేల్చుకోండి

2025లో మా పెద్దమ్మాయి డిగ్రీ సీటు కోసం దోస్త్ వాడాం, అదే తెలంగాణలో డిగ్రీ కాలేజీలకు ఆన్‌లైన్‌లో అప్లై చేసే పద్ధతి. మా అత్తవారి వైపు డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. చేరి ఒక సెమిస్టర్ అయ్యింది కాబట్టి ఇప్పుడు తీరికగా రాస్తున్నాను. వచ్చే ఏడాది ఇంటర్ రాసే పిల్లల అమ్మానాన్నలకు పనికొస్తుందని నా ఆశ. రేటింగ్ అడిగితే ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

మాది దేవరకద్ర దాటాక రోడ్డు నుంచి లోపలికి ఉండే ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ను. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతారు, బుధవారం వస్తే దేవరకద్ర మార్కెట్‌కు ఉల్లిగడ్డ బస్తాలు వేస్తారు. అమ్మాయి పదో తరగతి దాకా ఊళ్లో జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం, తర్వాత ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ. వెయ్యికి 921 మార్కులు వచ్చాయి. నీట్ రాసింది, సీటు వచ్చేంత స్కోరు రాలేదు. హైదరాబాద్‌లో ఉండే మా మరిది లాంగ్‌టర్మ్ కోచింగ్ పెట్టించమన్నాడు. మా పిల్ల ఒక్క రోజు ఆలోచించి వద్దంది. "నాకు డాక్టర్ కావాలని లేదమ్మా, సూక్ష్మజీవులంటే ఇష్టం" అంది. ఆ మాట అంత సూటిగా చెప్పాక నేను ఇంకేం అడగలేదు. బీఎస్సీ మైక్రోబయాలజీ అని తేలింది, ఏ కాలేజీ అన్నదే మిగిలింది.

దోస్త్ అంటే డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ తెలంగాణ, 2016లో మొదలైంది. అంతకు ముందు మా తమ్ముడు డిగ్రీలో చేరినప్పుడు నాకు బాగా గుర్తు, ఒక్కో కాలేజీకి పోయి అప్లికేషన్ కొనాలి, నింపి ఇవ్వాలి, లిస్టు అతికించారా అని మళ్లీ పోయి చూడాలి. మూడు కాలేజీలకు ఎనిమిది సార్లు పాలమూరు (మహబూబ్‌నగర్) తిరిగాడు. ఇప్పుడు ఉస్మానియా, పాలమూరు, మహాత్మాగాంధీ లాంటి యూనివర్సిటీల కింద ఉన్న కాలేజీలను ఒకే చోట చూసుకుని, మనకు నచ్చిన వరుసలో పెట్టుకోవచ్చు. మొదటి విడతలో రిజిస్ట్రేషన్‌కు 200 రూపాయలు, తర్వాతి విడతల్లో అయితే 400. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ ఉంటే ఇంటి దగ్గరే అయిపోతుంది. లేకపోతే మీసేవకు పోవాలి.

ఈ ఆధార్‌కు లింకైన నంబర్ దగ్గరే మా కొంప మునగబోయింది.

మా అమ్మాయి ఆధార్‌కు లింకై ఉన్నది వాళ్ల నాన్న నంబర్. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం లోపే పట్టణంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ నుంచి పీఆర్వో ఇంటికొచ్చాడు. మార్కులు, అడ్రసు, ఫోన్ నంబర్లు అన్నీ ముందే తెలుసు అతనికి, ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పలేదు. కరపత్రం ఇచ్చాడు, పిల్లకు ఒక బ్యాగు ఇచ్చాడు. "మేడం, మీకేం టెన్షన్ వద్దు, రిజిస్ట్రేషన్ మేమే చేస్తాం, ఆ 200 కూడా మేమే కడతాం" అన్నాడు. హాల్‌టికెట్, ఆధార్ ఫొటో తీసుకుంటానంటే నేను కాలేజీ చూశాకే ఇస్తానన్నాను. అప్పటికే నేను లోపలికి టీ పెట్టడానికి పోయినప్పుడు మా అత్తమ్మ ఇచ్చిన ఫైలులోంచి ఫొటోలు తీసేసుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆ వచ్చే బుధవారం మా ఆయన మార్కెట్‌లో ఉన్నారు. వేలం నడుస్తోంది, చుట్టూ గోల. ఫోన్ వచ్చింది: "సార్, పాప స్కాలర్‌షిప్ కోసం ఒక నంబర్ వచ్చింది చూడండి, చెప్పండి." ఆయన చదివి చెప్పారు. కాసేపటికి ఇంకో మెసేజ్ వచ్చింది, అదీ చదివి చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే పిల్ల ఫోన్ లాక్కుని చూసింది. మొదటిది ఓటీపీ. రెండోది దోస్త్ ఐడీ, ఆరు అంకెల పిన్. లాగిన్ అయి చూస్తే ఆప్షన్ల దగ్గర ఒకే ఒక్క కాలేజీ, ఆ పీఆర్వోదే. కోర్సు కూడా మైక్రోబయాలజీ కాదు. అక్కడ ఏ సీట్లు నిండట్లేదో ఆ కోర్సు పెట్టినట్టున్నారు.

మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. తప్పు ఆయనది కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. వేలం మధ్యలో, పిల్ల స్కాలర్‌షిప్ అంటే ఏ తండ్రి అయినా చదివి చెబుతాడు.

మరునాడు పొద్దున్నే పాలమూరులో ఒక ప్రభుత్వ కాలేజీలో పెట్టిన హెల్ప్‌లైన్ సెంటర్‌కు ముగ్గురం పోయాం. అక్కడ కూర్చున్న లెక్చరర్ మేడం మా మాట మొత్తం విని, "సీటు రాలేదు కదా, ఇంకా టైం ఉంది, ఆప్షన్లు మార్చుకోవచ్చు" అన్నారు. ఆ ముక్క వినగానే మా ఆయన అక్కడే బెంచీ మీద కూలబడ్డారు. మెసేజ్ చెరిపేయకుండా ఉంచడం మా అదృష్టం, ఐడీ, పిన్ మా దగ్గర కూడా ఉన్నాయి. ఆ కాలేజీ తీసేశాం. కానీ అవే వివరాలు వాళ్ల దగ్గరా ఉన్నాయి కదా అని గడువు ముగిసే దాకా రోజూ రాత్రి లాగిన్ అయి చూసుకున్నాం. చివరి రోజు పదకొండు గంటలకు కూడా చూశాం.

దోస్త్ వాడేవాళ్లకు నేను చెప్పేదాంట్లో సగం ఇదే. ఆ ఓటీపీ, ఆ పిన్ మన ఇంటి తాళంచెవి లాంటివి. కాలేజీ వాళ్లకే కాదు, నెట్ సెంటర్ వాళ్లకు కూడా చెప్పొద్దు. పక్కన కూర్చుని మీ చేత్తో కొట్టండి. ఫోన్ ఎవరి దగ్గర ఉంటే వాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా, ముందే చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు. అది నా పొరపాటు.

మిగతా సగం ఆప్షన్ల వరుస గురించి. దోస్త్ మన మార్కులు, రిజర్వేషన్ చూసి, మనం పెట్టిన వరుసలో పై నుంచి కిందికి వస్తూ ఎక్కడ సీటు అందుతుందో అక్కడ ఇస్తుంది. అంటే మొదటిది ఏదో, రెండోది ఏదో ఇంట్లో తేలకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే, నిర్ణయం మన చేతిలోంచి జారిపోయినట్టే.

మా ముందు మూడు దారులు ఉన్నాయి. పాలమూరులో ప్రభుత్వ కాలేజీ, పాలమూరులోనే ప్రైవేటు కాలేజీలు, హైదరాబాద్ కోఠీ మహిళా కాలేజీ. కోఠీది ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. 1924లో మొదలైన కాలేజీ. మా పిల్లకు ఇంటర్‌లో జువాలజీ చెప్పిన మేడం అక్కడే చదివారట, ఆమె చెప్పిన దగ్గర్నుంచి కోఠీ పేరు మా ఇంట్లో నానుతోంది.

డబ్బు సంగతి చెప్పాలి, దాచడానికి ఏముంది. నా గౌరవ వేతనం నెలకు 13,650. ఏడాదికి 1,63,800. బీసీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే పల్లెల్లో ఆదాయం లక్షన్నర దాటకూడదు. నాది ఒక్కటి లెక్కేసినా 13,800 ఎక్కువ. ఆదాయ సర్టిఫికెట్‌లో తక్కువ రాయించుకోమని చాలామంది చెప్పారు. రేపు పిల్ల ఉద్యోగానికి పోయినప్పుడు ఆ కాగితం వెంటాడుతుందేమోనని నాకు భయం, పైగా రోజూ ముప్పై మంది పిల్లలకు నిజం చెప్పమని నేర్పే నేను ఆ పని ఎలా చేస్తాను? చేయలేదు. కాబట్టి ప్రైవేటు వాళ్లు చెప్పే "ఫ్రీ" మాకు ఫ్రీ కాదు. ఫీజు, బస్సు కలిపి ఏడాదికి నలభై వేల పైమాటే.

రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లు కూడా ఒక్కటి గమనించాలి. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు ఆ డబ్బు ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం అంటాయి. మా ఆడపడుచు కూతురు డిగ్రీ పాసై కూడా ఒక ప్రైవేటు కాలేజీలో మెమోలు, టీసీ కోసం ఏడు నెలలు తిరిగింది. చివరికి వాళ్ల అమ్మ చెవి కమ్మలు కుదువబెట్టి 32,000 కట్టాక ఇచ్చారు. చేరే ముందే "రీయింబర్స్‌మెంట్ రాకపోతే నా సర్టిఫికెట్లు ఇస్తారా" అని అడగండి. జవాబు ఎలా చెబుతారో, ముఖం ఎటు తిప్పుకుంటారో చూడండి.

దోస్త్‌కు నేను అర మార్కు తగ్గించింది ఇక్కడే. ఆప్షన్ల పేజీలో కాలేజీ పేరు, కోర్సు, మీడియం కనిపిస్తాయి. ల్యాబ్ తెరిచి ఉంటుందా, మైక్రోస్కోప్‌లు ఎన్ని, ఆ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారా అన్నది ఆ పేజీని చూస్తే తెలియదు. దానికి చెప్పులు అరగదీయాల్సిందే. మేం అరగదీశాం. ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ చూపించమంటే తాళం చెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. నాలుగు రోజుల తర్వాత పోతే అదే మాట. ఆఫీసు రూములో మాత్రం ఏసీ, సోఫాలు, గోడ నిండా ర్యాంకర్ల ఫొటోలు. ఆ ఫొటోల్లో ఒక పిల్ల మా పక్క ఊరి అమ్మాయే, ఆమె చదివింది అక్కడ కాదు.

ప్రభుత్వ కాలేజీలో ల్యాబ్ తలుపు తీసే ఉంది. సెలవుల్లోనూ ఒక మేడం, ఇద్దరు పాత విద్యార్థినులు ఏదో పని చేస్తున్నారు. బల్లల మీద ఊదా రంగు మరకలు, ఎంత కడిగినా పోనివి. మా పిల్ల వాటిని వేలితో తాకి, "క్రిస్టల్ వయొలెట్" అంది నాతో మెల్లగా. నేను మైక్రోస్కోప్‌లు లెక్కపెట్టాను. ఒక్కోదానికి నలుగురు పిల్లలు పడతారు, రెండు పని చేయట్లేదని మేడమే దాచకుండా చెప్పారు. "సాయంత్రం నాలుగు తర్వాత ఉంటామంటే ఉండనిస్తాం" అని కూడా అన్నారు. ఫీజు విచారిస్తే ఏడాదికి ఐదు వేల లోపే.

కోఠీకి కూడా తీసుకుపోయాను. ఎంజీబీఎస్‌లో దిగి ఆటోలో పోయాం. పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఆ ఆవరణలోనే ఉంది, ఆ పెద్ద పెద్ద స్తంభాల ముందు నిలబడి పిల్ల తల పైకెత్తి చాలాసేపు చూసింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెళ్లయ్యాక నా చదువు ఇంటర్‌తో ఆగింది, ఆ మెట్ల మీద నా బిడ్డ నడుస్తుంటే చూడాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. హాస్టల్ దొరకకపోతే ఎలా అని దగ్గర్లో రెండు ప్రైవేటు హాస్టళ్లు కూడా అడిగాం. తిండితో కలిపి నెలకు ఆరున్నర వేలు. పది నెలలకు 65,000. నా చిట్టీ ఇంకో నాలుగు నెలల్లో పాడుకోవచ్చు, మొదటి ఏడాది దాంతో గడుస్తుంది అని బస్సులోనే లెక్క వేసుకున్నాను.

ఆ రాత్రి ఇంట్లో పాత క్యాలెండర్ వెనక వైపు కత్తిరించి ఏడు కాగితం ముక్కలు చేశాం. ఒక్కోదాని మీద కాలేజీ, కోర్సు. గడపకు ఇవతల చాప మీద వరుసగా పేర్చాం. మా ఆయన, మా అత్తమ్మ, మా తమ్ముడు, అందరూ చుట్టూ కూర్చున్నారు. నేను కోఠీని పైన పెట్టాను. పిల్ల దాన్ని తీసి మూడో చోట పెట్టింది, ప్రభుత్వ కాలేజీని పైకి తెచ్చింది. నేను మళ్లీ మార్చాను. తను మళ్లీ మార్చింది. "పట్నంల ఎవరున్నరు మనకు?" అని మా అత్తమ్మ. "మా మరిది లేడా" అని నేను. మా ఆయన ఏమీ మాట్లాడలేదు, ఓటీపీ చెప్పిన నాటి నుంచి ఆయనకు మాట్లాడే ధైర్యం పోయింది.

పిల్ల నా కోసం తగ్గుతోందని నా అనుమానం. ఆడపిల్లలు అలా తగ్గడం నాకు తెలుసు, నేనూ తగ్గినదాన్నే. అందుకే ఒక్కో కారణం అడిగి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. "డబ్బు నా పని, నువ్వు లెక్కలోకి తీసుకోకు" అన్నాను. "అవ్వకు పొద్దున సూది ఎవరు వేస్తారు?" అంది. మా అత్తమ్మకు షుగర్, రెండేళ్లుగా ఇన్సులిన్ వేసేది మా పిల్లే. నాకు సూది అంటే చేతులు వణుకుతాయి. మరునాడు పొద్దున ఆ సూది నేనే వేశాను. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, తను చెప్పినట్టే, పది అంకెలు లెక్కపెట్టి బయటికి తీశాను. తర్వాత రోజూ వేశాను, మొత్తం ఐదు రోజులు. ఐదో రోజు పిల్లను పిలిచి, "ఇప్పుడు అవ్వ కూడా కారణం కాదు. ఇప్పుడు చెప్పు" అన్నాను.

తను నోట్ బుక్ తెచ్చింది. అందులో మూడేళ్ల హాస్టల్ ఖర్చు వేసింది, 1,95,000. దాని కింద గీత గీసి, "ఎమ్మెస్సీ" అని రాసింది. "కోఠీ నచ్చలేదని కాదమ్మా. హైదరాబాద్‌కు నేను వస్తా. సీపీగెట్ ఎంట్రెన్స్ రాసి పీజీకి వస్తా. నువ్వు పాడుకునే చిట్టీ అప్పటికి ఉంచు. ఇంకోటి, నాకు ఇంగ్లిష్‌లో విని అర్థం చేసుకోవడానికి ఒక ఏడాది పడుతుంది. ఆ ఏడాది నేను తెలిసిన చోట, అడిగితే తెలుగులో చెప్పే మేడం దగ్గర ఉంటా. సాయంత్రం ల్యాబ్‌లో ఉండనిస్తామన్నారు కదా, నాకది కావాలి" అంది. ఇది తగ్గే పిల్ల మాట్లాడే తీరు కాదు. కాగితం ముక్కలు నేనే తిరగ పేర్చాను. ప్రభుత్వ కాలేజీ ఒకటి, కోఠీ రెండు. ఆ రెండో చోటు నా కోరిక, తను ఒప్పుకుంది. తాళం వేసిన ల్యాబ్ ఉన్న కాలేజీ ముక్కను మా తమ్ముడు చింపేశాడు.

ఆప్షన్లు ఎక్కించేటప్పుడు జాగ్రత్త. ఒకే కాలేజీలో ఒకే పేరుతో ఉన్న కోర్సు వేరే మీడియంలోనో, ఒక సబ్జెక్టు తేడాతోనో పక్కపక్కనే ఉండొచ్చు. మా పిల్ల వేలు పెట్టి ఒక్కో లైను చదివితే, మా తమ్ముడు కాగితం మీద టిక్కు పెట్టాడు. సేవ్ చేశాక ప్రింటు తీసి దేవుడి పటం వెనక పెట్టాం.

మొదటి విడతలోనే మొదటి ఆప్షన్ వచ్చింది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, సీటు వచ్చింది కదా అని. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. మా ఊళ్లో ఒక అబ్బాయికి అలాగే పోయింది, తర్వాత విడతలో 400 కట్టి మళ్లీ మొదలుపెట్టాడు. సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినా, రెండో విడతలో ఇంకా పై ఆప్షన్ కోసం చూడొచ్చు. పైది వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది, కాబట్టి సరదాకు ఆప్షన్లు పెట్టొద్దు. చివర్లో కాలేజీకి పోయి ఒరిజినల్స్ చూపించినప్పుడు ఇంకో ఓటీపీ ఇవ్వాలి. అది మాత్రం చేరే కాలేజీకి ఇవ్వాల్సిందే. ఆ రోజు ఫోన్ మా ఆయన చేతిలో ఉంది. ఆ నంబర్ చదివే ముందు పిల్ల ముఖం చూశారు, తను తల ఊపాక ఒక్కో అంకె మెల్లగా చెప్పారు.

ఇప్పుడు రోజూ పొద్దున ఏడున్నర బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ కదా, ఆధార్ చూపిస్తే చాలు. ప్రైవేటు కాలేజీ బస్సుకు పోయే డబ్బంతా మిగిలినట్టే. మన్యంకొండ దాటాక సీటు దొరుకుతుందట. బండమీదిపల్లి దగ్గర పాలమూరు యూనివర్సిటీ గేటు కనిపించినప్పుడల్లా పీజీ గుర్తొస్తుందని చెబుతుంది. మొదటి రెండు నెలలు ఇంగ్లిష్ పాఠాలు అర్థంకాక ఏడ్చింది, అది కూడా చెప్పాలి. నోట్సు సగం తెలుగులో రాసుకుని, రాత్రి కూర్చుని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేది. ఇప్పుడు ఆ తెలుగు సగం తగ్గింది. వారంలో మూడు రోజులు సాయంత్రం ల్యాబ్‌లో ఉండి, ఐదున్నర బస్సుకు వస్తుంది.

పోయిన నెల వేళ్లన్నీ ఊదా రంగుతో ఇంటికొచ్చింది. గ్రామ్ స్టెయినింగ్ చేశారట, మొదటిసారి తనంతట తానే చేసిన స్లైడు. వాళ్ల అవ్వ పక్కన కూర్చుని, ఒక రకం బ్యాక్టీరియాకు ఊదా రంగు నిలుస్తుందని, ఇంకో రకానికి అది కడుక్కుపోయి గులాబీ రంగు పడుతుందని చెప్పింది. "రంగు చూసి ఏం చేస్తరే?" అని అడిగింది అత్తమ్మ. "ఏ మందు పనిచేస్తదో సగం తెలుస్తదవ్వా" అంది. అత్తమ్మ ఆ వేళ్లు పట్టుకుని దీపం వెలుగుకు తిప్పి తిప్పి చూసింది. అన్నం ముందు కడుక్కోమంటే, సబ్బుతో పోదమ్మా అని అలాగే తినేసింది.